ఒత్తులకు చోటు దొరికింది: చెరువు గట్టు మీద ఆండ్రాయిడ్ 16

రొయ్యల చెరువుల లెక్కలు రాసుకునేందుకు నేను చేసిన యాప్‌లో 'రాత్రి మేత' అనే మీట ఉంది. నాన్నగారు దాన్ని చాలాకాలం 'రాతి మేత' అనే చదివారు. "అమ్మా, ఈ రాతి మేత ఏమిటి?" అని మొదటిసారి అడిగినప్పుడు ఆయన కళ్లజోడు మార్చాలేమో అనుకున్నాను. తరువాత ఆ ఫోను తీసుకుని ఎండలో పెట్టి చూశాను. 'త్రి' కింద ఉండాల్సిన క్రావడి నలిగిపోయి సన్నని గీతలా మిగిలింది. రొయ్యల జబ్బు పేరైన 'తెల్లమచ్చ'లో ఒత్తులు, 'ఆక్సిజన్'లో సావత్తు కూడా అలాగే ఉన్నాయి. తప్పు ఆయన కళ్లది కాదు.

మాది ఆకివీడు దగ్గర, ఉప్పుటేరు వైపు పల్లె. ఆరెకరాల వనామీ రొయ్యల చెరువులు ఉన్నాయి. హైదరాబాదులో ఆరేళ్లు ప్రోగ్రాములు రాసి ఇంటికి వచ్చేశాక, మేత లెక్కలు, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు నడిచిన గంటలు, నీటిలో ఉప్పు, రొయ్యల కౌంటు (కిలోకు ఎన్ని తూగుతాయో) రాసుకునేందుకు తెలుగులో ఒక యాప్ చేశాను. ఇప్పుడు చుట్టుపక్కల 140 మంది రైతులు వాడుతున్నారు. అందుకే కొత్త ఆండ్రాయిడ్ వచ్చిందంటే వాడేవాళ్లకు ఏమి ఇచ్చింది, రాసేవాళ్లను ఏమి అడిగింది అని రెండు వైపులా చూడక తప్పదు.

ఆండ్రాయిడ్ 16ను గూగుల్ 2025 జూన్ 10న విడుదల చేసింది. ముందుగా గూగుల్ సొంత పిక్సెల్ ఫోన్లకు అందింది. ఆండ్రాయిడ్ 15 ఆ ఫోన్లకు 2024 అక్టోబరులో వచ్చింది కాబట్టి, ఏడాది నిండకుండానే ఇది వచ్చినట్లు లెక్క. పరీక్షల కోసం నేను ఒక పాత పిక్సెల్ కొని పెట్టుకున్నాను. నాలుగు నెలలుగా అది చెరువు పాకలోనే ఉంది.

నాకు అన్నిటికన్నా నచ్చిన మార్పు గురించి ఎక్కడా పెద్దగా చెప్పుకోలేదు. ఇంగ్లిషు అక్షరానికి సరిపోయే వరుసలో మన అక్షరం పట్టదు. పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద మరో ఒత్తు. ఆ ఇరుకు వరుసలో సర్దడానికి ఆండ్రాయిడ్ ఇన్నాళ్లూ తెలుగుకు కుదించిన ఫాంటు వాడుతూ వచ్చింది. ఆండ్రాయిడ్ 15కు తగ్గట్టు రాసిన యాప్‌లలో అక్షరాలకు పూర్తి ఎత్తు ఇవ్వడం మొదలైంది కానీ, వద్దనుకుంటే రాసేవాళ్లు పాత పద్ధతికి మారవచ్చు. 16లో ఆ వెసులుబాటు తీసేశారు. అక్షరానికి పూర్తి ఎత్తు ఇవ్వాలా వద్దా అని రాసేవాళ్లు కోడులో ఎంచుకునే 'ఎలిగెంట్ టెక్స్ట్ హైట్' అనే మీటను 16కు తగ్గట్టు రాసిన యాప్‌లలో ఇక పట్టించుకోరు. ఈ మార్పు తగిలే లిపుల జాబితాలో తెలుగుతో పాటు కన్నడం, తమిళం, మలయాళం, గుజరాతీ, ఒడియా, అరబిక్, థాయ్ లాంటివి ఉన్నాయి.

మొదటి రోజు మా యాప్ చూసి గుండె జారింది. నేను మీటలకు, గళ్లకు కొలిచి ఎత్తు పెట్టాను. అక్షరం పెరిగింది, గడి పెరగలేదు. ఇదివరకు నలిగిన ఒత్తులు ఇప్పుడు అడుగున తెగిపోయాయి. 38 తెరలు ఒక్కొక్కటిగా తెరిచి, గడి ఎత్తును అక్షరానికే వదిలేశాను. రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మన లిపికి ఎంత చోటు కావాలో అంత ఇవ్వాలన్నది నిబంధనగా రావడమే న్యాయం. ఇష్టానికి వదిలేస్తే నాలాంటివాళ్లం ఇంకో పదేళ్లు వాయిదా వేసేవాళ్లం.

ఇంకో మార్పు నాకు ఒక రాత్రి నిద్ర లేకుండా చేసింది. మా చెరువులో ఆక్సిజన్ కొలిచే పరికరం ఉంది. దాని అంకెలను యాప్ రాత్రంతా ఐదు నిమిషాలకోసారి తెచ్చుకునేది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కన్నా దిగితే మోగాలి. రొయ్యల రైతుకు ఇది ప్రాణం లాంటి సంగతి. ఎండ లేనప్పుడు నీటిలోని నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి, తెల్లవారుజామున అది అట్టడుగుకు చేరుతుంది. ఆండ్రాయిడ్ 15 నుంచి ఇలా వెనుక ఉండి సమాచారం తెచ్చే సర్వీసుకు 24 గంటల్లో 6 గంటలే అనుమతి. సాయంత్రం ఏడింటికి మొదలైన మా సర్వీసు ఒంటిగంటకు ఆగిపోయింది. ఆపమని ఫోను చెప్పినప్పుడు ఏమి చేయాలో నేను రాయలేదు, దాంతో యాప్ మొత్తం మూతపడింది. మూడింటికి అలవాటు కొద్దీ నాన్నగారు లేచి టార్చి వేసి చూస్తే రొయ్యలు గట్టు వారకు వచ్చి తేలుతున్నాయి. కరెంటు పోయింది, జనరేటర్ వేయలేదు. పరుగెత్తి వేశారు. నష్టం ఏమీ జరగలేదు.

ఆ నిబంధన పత్రాల్లో స్పష్టంగా ఉంది, చదవనిది నేను. ఇప్పుడు పాకలోని పరికరమే అంకెలను సర్వరుకు పంపుతుంది, ఆక్సిజన్ దిగితే సర్వరు ఫోనును లేపుతుంది. ఫోను రాత్రంతా మేలుకుని ఉండాల్సిన పని లేదు. పాకలో ఫోను తెల్లారేసరికి 20 శాతం చార్జింగ్‌తో కనిపించేది, ఇప్పుడు 60 దాకా మిగులుతోంది. 16 ఇంకొంచెం బిగించింది. ఇలాంటి సర్వీసు నడుస్తుండగా వెనుక చేసే పనులకు కూడా కోటా పెట్టింది. అయినా నా సలహా ఒక్కటే. ప్రాణాల మీదికి వచ్చే హెచ్చరిక దేన్నీ ఫోనులోని సర్వీసు మీద ఆధారపడేలా రాయకండి.

తెర అంచుల దాకా యాప్ పరుచుకోవాలన్న నియమం కూడా 16లో తప్పనిసరి అయింది. 15లో వద్దనే దారి ఉండేది. మా 'భద్రపరచు' మీట వెళ్లి కింది మూడు గుర్తుల పట్టీ వెనుక దాక్కుంది. తడి చేతులతో నొక్కేవాళ్లకు అది పెద్ద ఇబ్బంది. ఈ నియమంతో రైతుకు ఏమి ఒరిగిందో నాకు ఇప్పటికీ కనిపించలేదు. వెనక్కి వెళ్లే పద్ధతి కూడా మారింది. వెనక్కి నొక్కినప్పుడు యాప్‌కు అందే పాత ఆన్‌బ్యాక్‌ప్రెస్డ్ అనే పిలుపు మామూలుగా ఇక రాదు. 'రాసింది భద్రపరచలేదు, వెళ్లాలా?' అన్న మా హెచ్చరిక దాని మీదే ఉండేది కాబట్టి కొత్త పద్ధతిలో మళ్లీ రాయాల్సి వచ్చింది. ఫోను మెమొరీని 16 కిలోబైట్ల ముక్కలుగా (పేజీలుగా) పంచుకునే కొత్త పద్ధతి సంగతి మా డేటాబేసు లైబ్రరీని కొత్తదానికి మార్చడంతో తీరిపోయింది. పూర్తిగా కోట్లిన్ భాషలో రాసి, సీ భాషలో రాసిన లైబ్రరీలేవీ వాడనివాళ్లు దాని గురించి కంగారు పడనక్కరలేదు.

నోటిఫికేషన్‌లో ప్రగతి గీత చూపించే కొత్త ఏర్పాటు మాత్రం మాకోసమే చేశారా అనిపించింది. పట్టుబడి రోజున ఐసు లారీ ఎక్కడిదాకా వచ్చిందని పది ఫోన్లు చేసుకుంటాం. ఇప్పుడు లారీ బయలుదేరడం, భీమవరం దాటడం, గట్టు మీదికి రావడం ఒకే గీత మీద కదులుతాయి. యాప్ తెరవకుండానే కనిపిస్తాయి. మేత దుకాణంలో ట్యాబ్లెట్ ఉంది. పెద్ద తెరల మీద యాప్ నిలువుగానే ఉంటానంటే 16 మామూలుగా ఒప్పుకోదు. అడ్డంగా పెట్టుకున్న ఆ తెర మీద మా పట్టికలు ఇప్పుడు మధ్యలో ఇరుక్కోకుండా నిండుగా కనిపిస్తున్నాయి.

భద్రత విషయంలో రైతులందరికీ గట్టిగా చెబుతున్నాను. మీ ఫోనులో ఆండ్రాయిడ్ 16 ఉంటే సెట్టింగ్స్‌లో 'అడ్వాన్స్‌డ్ ప్రొటెక్షన్' అని ఉంది, వేసుకోండి. తెలియని చోటి నుంచి వచ్చిన యాప్‌లను అది ఎక్కనివ్వదు. వాట్సాప్‌లో పథకం పేరుతో వచ్చిన ఏపీకే ఫైలు (యాప్‌ను ఎక్కించే ఫైలు) నొక్కి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. మొదట్లో నేను కూడా మా యాప్‌ను వాట్సాప్‌లోనే పంపేదాన్ని. అది చెడ్డ అలవాటు నేర్పడమేనని అర్థమై, ప్లే స్టోర్‌లో పెట్టాక మానేశాను.

మా పెదనాన్నగారికి చెవి యంత్రం ఉంది. ఫోనులో మాట్లాడేటప్పుడు యంత్రంలోని మైకు బదులు ఫోను మైకు వాడుకునే వీలు 16లో వచ్చింది. ఏరేటర్ల హోరులో అది గొప్ప సాయం. కానీ అది ఎల్ఈ ఆడియో అనే కొత్త రకం బ్లూటూత్ ఉన్న యంత్రాలకే పనిచేస్తుంది, ఆయనది పాతది.

ఇక నాన్నగారి ఫోను. 11 వేలు పెట్టి కొన్నది, ఆండ్రాయిడ్ 13 దగ్గర ఆగిపోయింది. తయారీదారు ఇక కొత్తది ఇవ్వరు. మా రైతుల్లో సగానికి పైగా చేతుల్లో ఉన్నవి అలాంటి ఫోన్లే. ఇంత మంచి మార్పు వచ్చి, అసలు దాని అవసరం ఉన్నవాళ్ల దాకా రాకపోతే ఎలా అని చాలా బాధపడ్డాను. ఆ బాధతోనే పాత పత్రాలు తిరగేశాను. 16 పట్టించుకోవడం మానేసిన ఆ మీట 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5 నుంచే ఉంది. పాత ఫోన్లలో మనమే దాన్ని వేయవచ్చు. కోడులో ఒక్క వరుస చేర్చాను. గడులు ముందే సరిచేసినవే కాబట్టి ఏదీ తెగలేదు.

కొత్త యాప్ ఎక్కించి ఫోను నాన్నగారి చేతికిచ్చాను. కళ్లజోడు తీసుకురమ్మని అడగలేదు. 'రాత్రి మేత' నొక్కి, "రెండో చెరువుకు పన్నెండు కిలోలు" అంటూ రాసుకుని, ఫోను జేబులో వేసుకుని గట్టు మీదికి వెళ్లిపోయారు.