చెరువు నీళ్ళు రాలేదు, ఆవిరి పట్టింది

వాటర్‌ప్రూఫ్ కెమెరా కొనాలనుకునేవాళ్ళు నన్ను మొదట అడిగేది ఎన్ని మీటర్ల లోతు దాకా పనిచేస్తుందని. కయాక్ నడిపేవాళ్ళకు ఆ లెక్కతో పెద్ద పని లేదు. రోజు మొత్తంలో కెమెరా నీళ్ళలో మునిగి ఉండేది కాసేపే. మిగతా సమయమంతా ఎండలో, తుంపర్లలో, తడి చేతుల్లో, ఒళ్ళో గడుస్తుంది. అందుకే నేను వేరే ప్రశ్న అడగమంటాను: అద్దానికి లోపలివైపు ఆవిరి పడుతుందా? దీనికి జవాబు అట్టపెట్టె మీద ఉండదు, షాపులో అమ్మే కుర్రాడికీ తెలియదు. నాకు లక్నవరం చెరువు మీద తెలిసింది.

కంపెనీ పేరు చెప్పను. అరచేతిలో ఇమిడే కెమెరా, మూలలకు గట్టి రబ్బరు, బ్యాటరీ తలుపుకు రెండు గొళ్ళేలు. 15 మీటర్లు, కింద పడినా పగలదు, ఇవన్నీ మీరు చదివే ఉంటారు. లక్నవరం, పాకాల, కరీంనగర్ మానేరు డ్యాం, ఎక్కడ తెడ్డు వేయనిస్తే అక్కడికి కొన్నేళ్ళుగా నాతోపాటు వస్తోంది.

ముందు మంచి చెబుతాను, అది దానికి దక్కాల్సిందే. బటన్లు. చెరువు మధ్యలో తడి చేతులతో ఫోన్ వాడి చూసినవాళ్ళకు వీటి విలువ తెలుస్తుంది. చాలా ఫోన్లు ఇప్పుడు ఐపీ68తో, అంటే దుమ్మునూ నీటినీ తట్టుకునే రేటింగుతో వస్తున్నాయి, నీళ్ళలో పడినా చాలాసార్లు బతుకుతాయి, నిజమే. కానీ తెర మీద నాలుగు చుక్కలు పడితే వేలేదో నీటి చుక్కేదో దానికి తెలియదు. ఫొటో తీద్దామంటే వీడియో మొదలుపెడుతుంది, లేదంటే ముందు కెమెరా తిప్పి మన ముఖమే మనకు చూపిస్తుంది. ప్లాస్టిక్ సంచిలో వేసుకుంటే ఫోన్ భద్రమే, ఫొటోలు మాత్రం మసకగా వస్తాయి. నా కెమెరాలో ప్రతి బటనూ వేలికి విడిగా తగులుతుంది. తెడ్డు ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, ఒక్క చేత్తో జూమ్ లాగి, చూడకుండానే నొక్కేయొచ్చు. ఈ ఒక్కదాని కోసమే మొదటి ఏడాదంతా కనిపించినవాళ్ళందరికీ దీన్నే కొనమని చెప్పాను.

ఆ మాట అక్కడితో ఆగిపోవడానికి కారణం ఒక వానాకాలం. వానలు దండిగా పడ్డాయి, లక్నవరం మత్తడి దుంకుతోంది. మా బావ, మేనకోడలు ఒక కయాక్‌లో, నేను ఇంకోదాంట్లో. పొద్దున ముసురు పట్టింది, పదింటికల్లా మబ్బు విడిపోయి చురుక్కుమనే ఎండ కాసింది. ఆ రోజుల్లో ఇక్కడి ఉక్కపోత ఎలా ఉంటుందో వరంగల్‌వాళ్ళకు చెప్పక్కర్లేదు. కెమెరాను కయాక్ ముందు భాగంలోని నల్ల రబ్బరు మీద పెట్టి, వాళ్ళు వేలాడే వంతెన కిందికి వచ్చేదాకా ఆగాను. చేత్తో తీసుకుంటే చుర్రుమంది. అద్దం మీద ఎండిన చుక్కల మరకలు కనిపిస్తే కడుగుదామని ఒకసారి నీళ్ళలో ముంచి తీశాను. ఇలా ముంచి కడగడానికేగా వాటర్‌ప్రూఫ్ కొన్నది.

తెర చూస్తే అంతా తెలుపు. వంతెన లేదు, గుట్టలు లేవు, బావ లేడు. అద్దాన్ని దస్తీతో తుడిచాను, అంగీతో తుడిచాను, ఊదాను. అప్పటికి కయాక్ వంతెన దాటేసింది, మేనకోడలు వెనక్కి తిరిగి చేతులు ఊపుతోంది. ఎంత తుడిచినా ఏమీ మారకపోయేసరికి అర్థమైంది, ఆవిరి పట్టింది బయట కాదు, లోపల. చేయి పోదు, గుడ్డ పోదు, తెరిచే దారి లేదు. ఎండ వైపు తిప్పి పెడితే మెల్లగా మధ్యలోంచి విడిపోవడం మొదలైంది. మొత్తం పోయిందనుకున్నాక తెడ్డు నుంచి నీళ్ళు కారి మీద పడ్డాయి, మళ్ళీ అదే కథ. ఆ రోజంతా ఇదే వరస. ఇంటికొచ్చాక ఫొటోలు చూసి బావ అన్నమాట: "ఏంది బామ్మర్దీ, మమ్ముల పొగల నిలబెట్టి తీసినవా?"

నీళ్ళు లోపలికి పోయాయనే అనుకుని హైదరాబాద్‌లో సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్ళాను. ఉంచి వెళ్ళమన్నారు. కొన్ని రోజులకు ఫోన్ వచ్చింది. "సార్, సీల్ పర్ఫెక్ట్‌గా ఉంది, లోపల వాటర్ డ్యామేజ్ ఏం లేదు. ఇది కండెన్సేషన్, వారంటీలోకి రాదు." నీళ్ళు పోయి ఉంటే తలుపు సరిగ్గా మూయలేదనేవాళ్ళు, పోలేదు కాబట్టి కెమెరా బాగుందంటున్నారు. ఎటు తిరిగినా తప్పు వాళ్ళది కాదు! మాన్యువల్ చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసే ఉంది. అట్ట మీద చేపతో ఈదుతున్న బొమ్మ పక్కన రాసి ఉంటే నాకు కోపం ఉండేది కాదు.

జరిగేది ఇది. సీలు బయటి నీటిని లోపలికి రానివ్వదు, లోపలి తేమను బయటికీ పోనివ్వదు. వేడి అన్నం పెట్టి మూత బిగించిన టిఫిన్ డబ్బా తెరిస్తే మూత లోపలివైపు చుక్కలు ఉంటాయి చూడండి, అదే సంగతి. బ్యాటరీ మార్చడానికి తలుపు తెరిచిన ప్రతిసారీ ఆ గదిలో, ఆ వాతావరణంలో ఉన్న గాలే లోపల చిక్కుకుంటుంది. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. 20 డిగ్రీలకు దిగితే 17 గ్రాములే మోస్తుంది, మిగిలింది ఎక్కడ చల్లగా ఉంటే అక్కడ నీరై అతుక్కుంటుంది. కెమెరాలో ముందుగా చల్లబడేది నీళ్ళు తగిలే ముందు అద్దమే. లక్నవరం నీళ్ళు అంత చల్లగా ఏమీ ఉండవు కదా అని నాకూ అనుమానం వచ్చింది. అయితే లోపలి ప్లాస్టిక్ కూడా కొంత తేమ పీల్చుకుని ఉంటుంది, ఎండకు కాలినప్పుడు దాన్ని వదులుతుంది. నల్ల రబ్బరు మీద కాలిన కెమెరాకు ముసురు నాటి గాలి తోడైతే ఆ మాత్రం తేడా చాలు.

ఇంకోటి తెలిశాక కోపం ఇంకాస్త పెరిగింది. ఈ ఐపీ అంకెలన్నీ ఐఈసీ 60529 అనే ప్రమాణం నుంచి వస్తాయి. వాటిలో చివరి అంకె నీటి పరీక్షది. ఐపీఎక్స్7 పరీక్షకు ఒక మీటరు నీళ్ళలో అరగంట ముంచుతారు. నీటికీ వస్తువుకూ మధ్య ఉష్ణోగ్రత తేడా 5 డిగ్రీలు మించకూడదన్నది ఆ పరీక్ష షరతు. ఐపీఎక్స్8 ఇంతకంటే కఠినం, లోతు ఎంతో కంపెనీ చెబుతుంది. పరీక్ష తప్పని అనను, నీళ్ళు పోతాయా పోవా అన్నదే అది చూసేది. కానీ కయాక్ మీద ఎండకు కాగిన కెమెరాను నీళ్ళలో ముంచితే తేడా 5 డిగ్రీల దగ్గర ఆగదు. పైగా లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుంటుంది, బయటి నీటిని సీలు మీదికి లాగుతుంది. ఆ సమయంలో రబ్బరు మీద ఒక్క వెంట్రుకో ఇసుక రేణువో ఉంటే ఆవిరితో పోయేది కాదు. రెండు గొళ్ళేల తలుపు భలే గట్టిదని మొదట్లో మురిసిపోయాను. గట్టిదే, కానీ దాని అంచున చెరువు ఒండ్రు సన్నగా చేరుతుంది, ప్రతిసారీ తుడవాల్సిందే.

అప్పటి నుంచి నేను చేస్తున్నది చెబుతాను. ముందు రోజు రాత్రి తలుపు తెరిచి, బ్యాటరీ తీసి, తేమ పీల్చే సిలికాజెల్ పొట్లాలున్న డబ్బాలో కెమెరాను పెడతాను. బియ్యంలో పెట్టమని చాలామంది చెబుతారు. బియ్యంలోనే తేమ ఉంటుంది, ఆ పొడి సీలు మీద పడితే మొదటికే మోసం. పొద్దున ఏసీ ఉన్న గదిలో తలుపు మూస్తాను, ఆ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి. మూశాక ఇంటికి తిరిగొచ్చేదాకా తెరవను. ఏసీ గది నుంచి నేరుగా బయటికి తెస్తే అద్దం బయటివైపు మంచు పడుతుంది. అదేం టెన్షన్ కాదు, గుడ్డతో పోతుంది. చెరువు మీద మాత్రం కెమెరాను తడి తువ్వాల కింద పెడతాను. తువ్వాల ఆరుతున్న కొద్దీ చల్లగా ఉంటుంది, కెమెరా వేడెక్కదు, ముంచినా అద్దం ఉలిక్కిపడదు. అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది ఈ తువ్వాలే.

దీనితో ఆవిరి దాదాపు తగ్గింది. దాదాపు అంటున్నాను, ఎందుకంటే పట్టు వదలని ముసురు రోజుల్లో ఇప్పటికీ అద్దం అంచున చిన్న మబ్బు కనిపిస్తుంది. దీనికి ఖరీదు కూడా ఉంది. దారిలో తలుపు తెరవను కాబట్టి ఒక్క బ్యాటరీతోనే రోజంతా గడవాలి. మొదటి ఏడాది అందరికీ బ్యాటరీ గురించి బాగానే చెప్పాను, ఫొటోల వరకు అది నిజమే. వీడియో మొదలుపెడితే మధ్యాహ్నానికి తెడ్డు వేయడం తప్ప ఇంకేం పని ఉండదు. గోదావరి ఒడ్డున రాత్రి బస చేసే ప్రయాణాలకు ఈ పద్ధతి అసలు పనికిరాదు. చార్జింగ్ పెట్టాలంటే తలుపు తెరవాలి, ఏటిగడ్డ మీద ఏసీ గది ఎక్కడుంటుంది?

మా మిత్రుడి దగ్గర ఒలింపస్ టఫ్ టీజీ-6 ఉంది, 2019లో వచ్చిన మోడల్. ఆవిరి పట్టకుండా దాని ముందు అద్దాన్ని రెండు పొరలతో చేశారు. అవే ఎండల్లో, అదే ఉక్కపోతలో దాన్ని ముంచి తీస్తుంటే చూశాను, నా కంటికి ఆవిరి కనపడలేదు. అతను తువ్వాల కూడా కప్పడు, అది నాకు కొంచెం కడుపుమంట. 2023లో వచ్చిన టీజీ-7 ఓఎం సిస్టమ్ పేరుతో ఉంటుంది, ఒలింపస్ కెమెరా వ్యాపారం చేతులు మారింది కదా. చార్జింగ్‌కు యూఎస్‌బీ-సీ ఇచ్చారు. కానీ ఈ రెండూ నీళ్ళలో తేలవు, నాదీ తేలదు. నారింజ రంగు తేలే పట్టీ విడిగా కొనుక్కోవాలి. చేతికి ఉబ్బుగా తగిలి విసుగు పుట్టిస్తుంది, అయినా అది లేకుండా మాత్రం చెరువులోకి దిగొద్దు.

గోప్రో వాడేవాళ్ళు నన్ను చూసి నవ్వుతారు. ఛాతీకి కట్టుకుని వాగులో దూకేవాళ్ళకు అదే మేలు. చెరువు మీద మాత్రం పక్క కయాక్‌లోని మనుషులు అందులో చీమలంత వస్తారు, దగ్గరికి లాగే లెన్సు లేదు. నాకు మనుషుల ముఖాలు కావాలి.

కాబట్టి కొనమంటానా అంటే, మీ రోజులను బట్టి. పాకాలలో డిసెంబర్ పొద్దుటిపూట నా కెమెరా ఏ పేచీ పెట్టదు, ఆ గాలిలో తేమే తక్కువ. శీతాకాలంలో, అదీ ఒక్కపూటకు వెళ్ళేవాళ్ళకు ఇలాంటిది చాలు. నేను వానాకాలం మనిషిని, చెరువు నిండితేనే నాకు హుషారు. అందుకే ఇంకోసారి డబ్బు పెడితే రెండు పొరల అద్దం ఉన్నదాని వైపే చూస్తాను. ఎప్పుడు పెడతానో తెలియదు, ఇంట్లో ముందు వాషింగ్ మెషిన్ అంటున్నారు. వాడిన కెమెరా కొనేవాళ్ళు ఒక పని చేయండి. షాపు ఏసీలో చూస్తే ఏమీ తెలియదు. ఉక్కపోత ఉన్న రోజు బయట కాసేపు తలుపు తెరిచి ఉంచి మూయండి, పది నిమిషాలు ఎండలో పెట్టండి, ఆ తర్వాత చల్లటి నీళ్ళ సీసాను అద్దానికి ఆనించి చూడండి. అమ్మేవాడు వద్దంటే బేరం ఆపేయండి.