డెన్వర్-2నా, తిరువనంతపురం చార్టా: ఊరి క్యాంపులకు ఏది మేలు?

నెల్లూరు వైపు పిల్లల స్క్రీనింగ్ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. రెండూ పిల్లల ఎదుగుదలలో ఆలస్యం ఉందేమోనని పైపైన జల్లెడ పట్టే పరీక్షలే. డెన్వర్-2లో 125 అంశాలు (వయసుకు తగ్గట్టు బిడ్డ చేయాల్సిన పనులు), ఆరేళ్ల దాకా వాడొచ్చు. తిరువనంతపురం పాత చార్టులో 17 అంశాలే, అదీ రెండేళ్ల వరకే. ఈ చార్టు మీద బిడ్డ వయసు దగ్గర పెన్సిల్ నిలువుగా పెట్టి, ఆ వయసుకు చేయాల్సినవి చేస్తోందో లేదో చూస్తే కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. అయినా అంశాలు ఎక్కువున్నాయని చాలామందికి డెన్వర్ మీదే గురి.

నేను మాత్రం తప్పుల లెక్క చూస్తాను. 1992లో అమెరికాలో చేసిన పరిశీలనలో డెన్వర్-2, సమస్య ఉన్న పిల్లల్లో 83 శాతం మందిని పట్టుకుంది. సమస్య లేనివాళ్లలో మాత్రం 43 శాతం మందినే బాగున్నారని చెప్పగలిగింది. మన చార్టుకు ఆ అంకెలు 66.7, 78.8. వందమందిలో పదిమందికి ఆలస్యం ఉందనుకోండి. డెన్వర్ ఎనిమిది మందిని పడుతుంది, ఏ తేడా లేని 51 మందినీ అనుమానిస్తుంది. చార్టు ఆరేడుగురిని పట్టి, 19 మందిని అనవసరంగా పంపుతుంది. ఉదయగిరి నుంచి ఒక తల్లి కూలి మానుకుని, బిడ్డనెత్తుకుని నెల్లూరు దాకా వచ్చి ‘ఏం లేదమ్మా’ అనిపించుకుంటే, ఇంకోసారి పిలిచినా రాదు. పక్కింటివాళ్లనూ రానివ్వదు.

ఒక మెలిక ఉంది. చార్టును సరిచూసింది డెన్వర్-2కు ముందున్న పాత డెన్వర్‌తోనే, అంటే ఒక స్క్రీనింగ్‌ను ఇంకో స్క్రీనింగ్‌తో తూచారు. కాబట్టి పై పోలిక ఉజ్జాయింపే.

మరి జారిపోయే ముగ్గురి సంగతి? తొమ్మిదో నెల టీకాకు, 16-24 నెలల బూస్టర్‌కు ఎలాగూ వస్తారు, మళ్లీ పెన్సిల్ పెట్టండి. ‘పిలిస్తే పలకట్లా మేడం’ అని తల్లి అంటే, చార్టు బాగుందన్నా పెద్దాసుపత్రికి రాసెయ్యండి. చేయి పట్టుకుంటే మెట్లెక్కడం చార్టులో ఒక అంశం. మెట్లే లేని ఇంట్లో పెరిగే పిల్ల అందులో తప్పితే, బడి మెట్ల దగ్గర ఇంకోసారి చూశాకే రాసుకోండి.

ఇలాంటివే ఇంకో రెండున్నాయి. ఎం-చాట్ అనే ప్రశ్నావళి ఆటిజం కోసం, 16-30 నెలల వాళ్లకు. దాని పని వేరు. ఎదుగుదల గురించి తల్లిదండ్రులే నింపే ఏఎస్‌క్యూ ప్రశ్నావళి చదువుకున్న ఇళ్లలో బాగానే నడుస్తుంది.

వీటిలో ఏదీ నిర్ధారణ కాదు. 30 నెలల లోపు పిల్లలకు డీఏఎస్‌ఐఐ (ఎదుగుదలను పూర్తిగా కొలిచే పరీక్ష) చేయించకుండా చీటీ మీద ‘డిలే’ అని రాయొద్దు.