గిటార్ నెక్‌కి స్పోక్‌షేవా, రాస్పా?

"అన్నా, నెక్ చెక్కడానికి స్పోక్‌షేవ్ తీసుకోనా, రాస్ప్ తీసుకోనా?" ఈ నెలలో ఇలా అడిగినవాళ్లు నలుగురు. నెక్ అంటే గిటార్‌కి తీగల కింద చేత్తో పట్టుకునే పొడవాటి చెక్క, స్పోక్‌షేవ్ అంటే రెండు పిడుల మధ్య బ్లేడుండే చిన్న చిత్రిక లాంటిది, రాస్ప్ అంటే చెక్కకి వాడే ముతక పళ్ల ఆకురాయి. విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది, మొన్ననే నా మూడో నెక్ కూడా పూర్తయింది, అందుకే ఇక్కడ రాసేస్తున్నా. ఫ్రెట్‌బోర్డు (ఫ్రెట్లనే లోహపు అడ్డగీతలుండే ముందు పలక) అంటించారు, పక్కల అదనపు చెక్క కోయించేశారు, ఇక వెనక గుండ్రం తీయడమే మిగిలింది అనుకుని చదవండి. రౌటర్ (కరెంటుతో చెక్క చెక్కే మిషన్) సంగతి మాత్రం ఎత్తకండి. బెంగళూరు మారతహళ్లిలో అపార్ట్‌మెంట్ బాల్కనీలో రౌటర్ ఆన్ చేస్తే రెండు నిమిషాల్లో వాచ్‌మన్ పైకొస్తాడు.

స్పోక్‌షేవ్‌తో పనిచేస్తే వచ్చే సుఖమే వేరు, కాదనను. బ్లేడు పదునుగా ఉంటే చెక్క ఉల్లిపొరలా లేచి చుట్టలు చుట్టుకుని కాళ్ల దగ్గర రాలుతుంది, చప్పుడుండదు, దుమ్ముండదు, దిగిన చోటల్లా చెక్క నున్నగా మెరుస్తుంది. మూడో ఫ్రెట్ నుంచి పదో ఫ్రెట్ దాకా, గ్రెయిన్ (చెక్క నార) తిన్నగా ఉంటే, దాన్ని మించింది లేదు.

గొడవంతా రెండు చివర్లలో. నెక్ హీల్‌లోకి (గిటార్ ఒంటికి అతుక్కునే మడమలోకి) దిగేచోట వంపు ఒకవైపు లేస్తుంది, హెడ్‌స్టాక్ (తీగలు బిగించే తల) దగ్గర ఇంకోవైపు లేస్తుంది, కాబట్టి ఎప్పుడూ ఎత్తు నుంచి పల్లానికే కోయాలి, అంటే రెండు చివర్ల నుంచీ మధ్యకే రావాలి. స్కార్ఫ్ జాయింట్ వేసి, అంటే హెడ్‌స్టాక్ చెక్కని ఏటవాలుగా కోసి నెక్‌కి అతికించి ఉంటే ఇంకా తంటా. జిగురు గీతకు ఇటు చెక్క గ్రెయిన్ ఒక దారి, అటు చెక్కది ఇంకో దారి, బ్లేడుకి ఒకవైపు అనుకూలమైతే ఇంకోవైపు ఎదురు. నా రెండో నెక్ మహాగనీ. మొదటి ఫ్రెట్ వెనక, సరిగ్గా ఆ గీత దాటబోతుంటే టప్‌మని గోరంత పెచ్చు లేచింది, లోతు 2 మిల్లీమీటర్లు. రెండేగా అనుకోవద్దు. అక్కడ మొత్తం మందం 21 పెట్టుకున్నా, అందులో ఫ్రెట్‌బోర్డు 6 పోతే 15, ట్రస్ రాడ్ (నెక్ వంగకుండా లోపల పెట్టే లోహపు కడ్డీ) గాడి 10 పోతే మిగిలేది 5. ఆ ఐదులో రెండు ఊడొచ్చాయి. ఆ పెచ్చునే వెతికి పట్టుకుని జిగురు పెట్టి అతికించా, ఇప్పటికీ వెలుతురులో గీత కనిపిస్తుంది.

రాస్ప్‌కి ఈ బాధ లేదు, నా తీర్పు అటు మొగ్గేది దీనికే. దాని పళ్లు ఒక్కొక్కటి చిన్న రవ్వంత చెక్కనే గీకుతాయి, పొర కిందికి దూరి ఎత్తే అంచు లేదు, గ్రెయిన్ ఎటున్నా పెద్దగా పట్టించుకోదు. షింటో అనే జపాన్ రాస్ప్ హాక్సా బ్లేడుల్ని జల్లెడలా అల్లినట్టుంటుంది, చెక్కపొడి ఇరుక్కోదు, ఒకవైపు గరుకు, ఒకవైపు మెత్తన. పొడవుగా, చదునుగా ఉంటుంది కాబట్టి నెక్ మీద బొటనవేలికి తగిలే మిట్టల్ని కూడా సమం చేస్తుంది. హీల్ వంపులోకి మాత్రం అది దూరదు, దానికి అర్ధగుండ్రపు రాస్ప్ కావాలి. లోపాలు లేవా? ఉన్నాయి. గీతలు లోతుగా పడతాయి, అందుకే కొలతకి అర మిల్లీమీటరు ముందే ఆపేయాలి. ఇంకోటి, ఫ్రెట్‌బోర్డు అంచు దగ్గర బయటికి తోస్తే అంచు చిట్లుతుంది, టేప్ వేసుకుని లోపలికి తోయండి.

డ్రానైఫ్ (రెండు పిడులు పట్టుకుని మనవైపు లాగే పొడవాటి కత్తి) అడుగుతున్నారు కొందరు. గ్రెయిన్ పక్కకి పోతే దానివెంటే చీలుస్తుంది, మొదటి నెక్‌కి వద్దు. స్క్రేపర్ (నున్నగా గీకే పల్చటి ఉక్కు రేకు) ఎలాగూ చివర్లో కావాలి, ఏది కొన్నా.

ఎస్పీ రోడ్డులో స్పోక్‌షేవ్ అంటే ముగ్గురు షాపువాళ్లు అదేంటన్నారు, నాలుగో ఆయన చిత్రిక చూపించాడు, నాది చివరికి ఆన్‌లైన్‌లోనే వచ్చింది. బ్లేడుకి పదును పెట్టే రాయి, అలవాటు ఇప్పటికే ఉంటే మధ్య భాగానికి స్పోక్‌షేవ్ హాయిగా వాడుకోండి. రాయి లేకపోతే దాని ఖర్చూ, నేర్చుకునే వారాలూ కూడా కలిపి లెక్కేసుకోండి. నా స్పోక్‌షేవైతే ఇప్పుడు బాల్కనీ గోడకి మేకుకి వేలాడుతోంది, మూడో నెక్ మొత్తం రాస్ప్‌తోనే తీశా.