జీటీ 730 గ్రాఫిక్స్ కార్డు కొనేముందు జాగ్రత్త: ఒకే పేరుతో రెండు చిప్‌లు

లైనక్స్ వాడుతూ, పాత కంప్యూటర్‌లోకి చవకగా ఎన్విడియా జీఫోర్స్ జీటీ 730 కార్డు కొనాలనుకుంటున్నవారు డబ్బు చెల్లించేముందు ఇది చదవండి. డబ్బాపై అదే పేరు ఉన్నా, లోపలి చిప్ పాత ఫెర్మి తరానిది కావచ్చు, దాని తర్వాతి కెప్లర్ తరానిది కావచ్చు. నాకు అంటగట్టింది ఫెర్మి.

అమ్మిన దుకాణదారుని లైనక్స్‌లో పనిచేస్తుందా అని అడిగితే, నిశ్చింతగా తీసుకెళ్లండి అన్నారు. నేను వాడే లైనక్స్ రకం ఉబుంటు 20.04లో పనిచేసింది కూడా. ఆ వెర్షన్‌కు మామూలు మద్దతు 2025లో ముగియడంతో 22.04కు, అక్కడి నుంచి 24.04కు మారాను. అంతే, లాగిన్ తెర రాలేదు. నల్లటి తెర, మూలన ఒక కర్సర్. గ్రాఫిక్స్ డ్రైవర్ లేకుండా సాదా తెరతో నడిపే నోమోడ్‌సెట్ (nomodeset) ఎంపిక పెట్టి ఎలాగో లోపలికి వెళితే 1024×768 దాటి రావడం లేదు, రెండో మానిటర్ కనబడదు, వీడియో పెడితే ప్రాసెసర్ మొత్తం దానికే సరిపోతోంది.

కారణం ఇది. ఫెర్మి చిప్‌లకు ఎన్విడియా ఇచ్చిన చివరి డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) వరుస 390. దానికి మద్దతు 2022 చివరితో ఆగిపోయింది. ఈ డ్రైవర్‌ను లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ కొత్తది వచ్చిన ప్రతిసారీ మళ్లీ నిర్మించుకోవాలి. కెర్నల్ లోపల మార్పులు జరుగుతూనే ఉంటాయి, వాటికి తగ్గట్టు డ్రైవర్‌ను సరిదిద్దేవారు లేరు. పాత డ్రైవర్ నిర్మాణం విఫలమవుతుంది. ఆ డ్రైవర్ వదిలివెళ్లిన నిషేధపు ఫైలు (బ్లాక్‌లిస్ట్), లైనక్స్‌తోపాటే వచ్చే ఓపెన్ సోర్స్ డ్రైవర్ నూవోను కూడా అడ్డుకుంటే తెరను నడిపే దిక్కే ఉండదు. ఇదంతా చెప్పి కార్డు వాపసు తీసుకోమంటే, కార్డు బాగానే ఉంది, మీ లైనక్స్‌దే తప్పు అన్నారు. చిప్ పేరు దాచి అమ్మి, తర్వాత ఇలా తప్పించుకోవడం ముమ్మాటికీ మోసమే.

అసలు ఉచ్చు డబ్బాపైనే ఉంది. 128 బిట్ అని రాసి ఉన్న డీడీఆర్3 కార్డును చూసి, 64 బిట్ కంటే మేలైనదనుకుని ఎక్కువమంది దాన్నే ఎంచుకుంటారు. జీటీ 730లో ఆ 128 బిట్ డీడీఆర్3 రకమే పాత ఫెర్మి, అందులో కోర్లు 96 మాత్రమే. 64 బిట్ రకం కెప్లర్, కోర్లు 384. కాబట్టి కోర్ల సంఖ్య అడగండి. వీలైతే దుకాణంలోనే కార్డు పెట్టించి, ఉబుంటు యూఎస్‌బీతో బూట్ చేసి, టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ (lspci) ఆదేశం ఇవ్వండి. జీఎఫ్108 (GF108) అని వస్తే ఫెర్మి, జీకే208 (GK208) అని వస్తే కెప్లర్. యూఎస్‌బీతో తెర బాగా వచ్చిందని మాత్రం నమ్మకండి. అప్పుడు నడిచేది నూవో, ఎన్విడియా డ్రైవర్ కాదు.

కెప్లర్ దొరికినా నిశ్చింత లేదు. దాని చివరి డ్రైవర్ వరుస 470కి కూడా 2024లో మద్దతు ముగిసింది. రోజువారీ పనికైతే ప్రాసెసర్‌లోనే ఇంటెల్ గ్రాఫిక్స్ ఉంటే అదే చాలు. కార్డు తప్పనిసరైతే ఏఎండీ ఆర్‌ఎక్స్ 550 లాంటివి చూడండి, వాటి డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది.

ఇప్పటికే కొని ఇబ్బంది పడుతున్నవారు బూట్ అవుతుండగా ఎస్కేప్ (పనిచేయకపోతే షిఫ్ట్) నొక్కి, ఏ కెర్నల్‌తో మొదలవ్వాలో ఎంచుకునే గ్రబ్ మెనూ తెరవండి. అందులో పాత కెర్నల్ ఉంటే ముందు దాన్ని ప్రయత్నించండి. లేకపోతే 'ఈ' అక్షరం నొక్కి, linux అని మొదలయ్యే వరుస చివర nomodeset చేర్చి, ఎఫ్10 నొక్కండి. లోపలికి వెళ్లాక ఎన్విడియా ప్యాకేజీలన్నీ పూర్తిగా తొలగించి మళ్లీ బూట్ చేస్తే నూవో పగ్గాలు తీసుకుంటుంది. వేగం తగ్గుతుంది కానీ రెండు మానిటర్లూ వస్తాయి. ఇంకా 22.04లోనే ఉన్నవారు 5.15 కెర్నల్‌తోనే కొనసాగండి. దానికి 2027 వరకు మద్దతు ఉంది. కొత్తగా కొనేవారు బిల్లుపై చిప్ పేరు రాయించుకోండి. రాయనంటే ఆ కార్డు తీసుకోకండి.