ఎముక ఎవరిది: బ్లడ్ గ్రూపు చెబుతుందా, డీఎన్ఏ చెబుతుందా?

వరద తీశాక గోదావరి లంకల్లో ఇసుక మేటల కింద ఒక్కోసారి మనిషి ఎముకలు బయటపడతాయి. అవి ఎవరివో తేల్చడానికి బ్లడ్ గ్రూపు ఒక దారి, డీఎన్ఏ మరో దారి.

మొదటిది చవక. ఎముక పొడిని యాంటీ-ఏ, యాంటీ-బీ సీరంలలో (ఏ, బీ గ్రూపుల గుర్తులకు అతుక్కునే యాంటీబాడీలున్న ద్రవాలు) విడివిడిగా నానబెట్టి కడుగుతారు. ఎముకలోని యాంటిజెన్‌కు, అంటే ఆ గ్రూపు గుర్తుకు, అతుక్కున్న యాంటీబాడీని వేడితో విడదీసి, గ్రూపు తెలిసిన ఎర్రకణాలు కలుపుతారు. కణాలు గుంపుకడితే ఆ యాంటిజెన్ ఉన్నట్టు. డెల్టా ఒండ్రులో నెలల తరబడి నానిన ఎముకతోనే అసలు చిక్కు. కొన్ని బ్యాక్టీరియాలకూ ఏ, బీ లాంటి యాంటిజెన్లు ఉంటాయి కాబట్టి ‘ఓ’ గ్రూపు మనిషి ‘బీ’గా కనిపించవచ్చు. యాంటిజెన్ నశిస్తే ‘ఏ’ గ్రూపువాడు కూడా ‘ఓ’ అనిపించుకుంటాడు. అందుకే దొరికిన చోటి మట్టినీ పరీక్షించాలి. అన్నీ సరిగా కుదిరి గ్రూపు కలిసినా మనిషి అతడేనని కాదు. అమలాపురం బస్సులో ‘ఓ’ గ్రూపువాళ్లే ఎంతమంది ఉంటారో!

డీఎన్ఏకు ఖర్చూ, ఆలస్యమూ ఎక్కువే. దంతం, తొడ ఎముక దొరికితే మేలు. తల్లిదండ్రుల నమూనాలతో పోలుస్తారు. ఎముక బాగా పాడైతే తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా (కణంలోని ఒక భాగం) డీఎన్ఏ ఉంది. నేనైతే డీఎన్ఏ దారికే ఓటు వేస్తాను. కాకపోతే తడి ఎముకను ప్లాస్టిక్ సంచిలో కట్టి పంపకూడదు. నీడన ఆరబెట్టి కాగితపు కవరులో పెట్టాలి.