పాళీ ఇక్కడ రాసి చూసి, పెన్ను ఆన్‌లైన్లో కొంటే: పెన్నుల కౌంటర్ల సేవపై సమీక్ష

హైదరాబాద్ ఆబిడ్స్‌లో 1928 నాటి దక్కన్ పెన్ స్టోర్స్, రాజమండ్రిలో 1932 నుంచి ఎబొనైట్ (గట్టిపరచిన రబ్బరు) ఫౌంటెన్ పెన్నులు చేస్తున్న రత్నం లాంటివి ఉండబట్టి, కొనేముందు పాళీని కాగితం మీద పెట్టి చూసే అలవాటు మనకింకా మిగిలుంది. ఇక్కడ సమీక్షిస్తున్నది పెన్నుని కాదు, ఆ సేవని. పాత కౌంటర్లలో కూర్చోబెట్టి నాలుగైదు పాళీలు ఇంకులో ముంచి ఇస్తారు, కాగితాన్ని గీసుకుంటే సరిచేస్తారు, ఏ కన్వర్టర్ (పెన్నులోకి ఇంకు పీల్చే గొట్టం) దేనికి పడుతుందో చెప్తారు. దీనికి ధర లేదు. తగాదా అంతా అక్కడే మొదలవుతుంది: ఇవన్నీ చేయించుకుని, మోడల్ పేరు ఫొటో తీసుకుని, మెట్లు దిగుతూనే ఫోన్లో ఆర్డర్ పెట్టేవాళ్లు తక్కువేం కాదు.

ఆ ఉచిత సేవ విలువెంతో తెలియాలంటే తెలుగు రాసి చూడాలి. ఇంగ్లీషు సంతకం గీకి పాళీ బాగుందనుకుంటే మోసపోతాం. మన అక్షరం గుండ్రంగా తిరుగుతుంది. ఠ, ణ, ఘ, ఋ రాసేసరికి పాళీ అన్ని దిక్కులకీ నడుస్తుంది. ఒక దిక్కున మాత్రమే గీసుకుంటే పాళీ చీలికకి అటూ ఇటూ ఉన్న రెండు రెక్కలూ ఒక ఎత్తులో లేవని అర్థం. తర్వాత 'లక్ష్మి', 'స్త్రీ' రాయండి. మీడియం పాళీతో చిన్న రాతలో ఒత్తులు పూడుకుపోతాయి. జపాన్ పెన్నుల ఫైన్ గీత దాదాపు జర్మన్ పెన్నుల ఎక్స్‌ట్రా ఫైన్ అంత సన్నం. ఈ తేడా వెబ్‌సైట్ ఫొటోలో కనపడదు.

ముంచి రాసినప్పుడు మొదటి లైన్లని నమ్మకండి. ఫీడ్ (పాళీ కింద ఉండి ఇంకు అందించే భాగం) పైనంతా ఇంకు పట్టి ఉంటుంది కాబట్టి గీత తడిగా, లావుగా పడుతుంది. పదిహేను ఇరవై లైన్లు రాశాక పడేదే అసలుకి దగ్గర. అప్పటికీ, కాసేపు మూత తీసి ఉంచితే పాళీ ఆగిపోతుందా లేదా అన్నది ముంచితే తేలదు, పెన్నులో ఇంకు నింపాలి. కౌంటర్ మీది నున్నటి ప్యాడ్ మీద ప్రతి పాళీ బాగానే నడుస్తుంది. మీరు రోజూ రాసే నోట్‌బుక్ కాగితం రెండు షీట్లు పట్టుకెళ్లండి.

షాపు వైపు ఖర్చు సంగతి. ముంచిన ప్రతి పాళీనీ నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి, ఆరబెట్టాలి. ఫీడ్ గాడిలో కాస్త నీలం మిగిలినా తర్వాత వచ్చినవాడు 'ఇది వాడిన పెన్ను' అని పక్కన పెడతాడు. అందుకే ట్రయల్‌కి మామూలు వాషబుల్ నీలమే అడగండి. మెరుపు ఇంకులు, ఇనుప లవణం కలిసిన ఐరన్ గాల్ ఇంకులు అడగడం మర్యాద కాదు, అవి ఫీడ్‌లో పట్టేస్తాయి.

రెక్కలు సరిచేయడమే అసలు పనితనం. పదిరెట్లు చూపే భూతద్దంలో ముందునుంచి చూసి, కిందికి ఉన్న రెక్కని గోటితో వెంట్రుకవాసి పైకి నెట్టాలి. ఇంకు తక్కువ దిగుతుంటే 0.05 మిల్లీమీటర్ల ఇత్తడి రేకుని చీలికలో నెమ్మదిగా ఆడించాలి. ఇది తెలిసిన చెయ్యి ఉన్న కౌంటరుకి ఐదుకి ఐదు. 'కొన్నాళ్లు రాస్తే అదే సాఫీ అవుతుంది' అనే కౌంటరుకి రెండు, ఎందుకంటే ఎత్తు తేడా రాస్తే పోదు. గీసుకుందనగానే జీరో పేపర్ (సన్నటి గరుకు కాగితం) తీసి రుద్దే చోటికి సున్నా. పాళీ కొనమీది గట్టి లోహపు గుండు ఒకసారి అరిగితే తిరిగి రాదు, వారంటీ కూడా పోయినట్టే.

ఇక ఎవరు ఏం చేస్తే న్యాయం? మీ చేతికి పట్టే పాళీ మీకు ముందే తెలిసి, షాపులో ఏమీ అడక్కుండా ఆన్‌లైన్లో కొంటే తప్పేం లేదు. షాపులో లేని మోడల్‌కీ అంతే. అరగంట రాసి చూశాక ధర తేడా కనిపిస్తే ఎదురుగానే అడగండి: "అన్నా, ఆన్‌లైన్లో ఇంతకుంది, మీరెంతకిస్తారు?" 2,500 పెన్ను మీద 200 తేడాకి మారకండి, ఆ పాళీని సరిచేసిన చెయ్యి అక్కడే ఉంది. తేడా 800 అయితే మాట చెప్పి వెళ్లండి, సరిచేసిన పనికి డబ్బిచ్చి మరీ వెళ్లండి. ఒక ఇంకు బుడ్డీ కొని లెక్క సరిపోయిందనుకోవడం మనల్ని మనం సమాధానపరచుకోవడమే. ఆన్‌లైన్లో కొన్న పెన్నుని రిపేరుకి తేవచ్చు, అది ఎక్కడ కొన్నారో దాచక్కర్లేదు. పని మాత్రం ఉచితంగా చేయమని అడక్కూడదు.

తప్పు షాపులది కూడా ఉంది. కొత్తగా వచ్చిన కుర్రాడికి పూర్తి ఎంఆర్‌పీ చెప్పి, పాత ఖాతాదారుకి పదిహేను శాతం తగ్గిస్తే ఆ కుర్రాడు ఫోన్ తీయక ఏం చేస్తాడు? గోడకి రేటు బోర్డు పెడితే సగం గొడవ తీరుతుంది: ట్రయల్ 100, కొంటే బిల్లులో తగ్గింపు, పాళీ సరిచేయడానికి వేరే రేటు, బయట కొన్నదానికీ అదే.

ఆన్‌లైన్లో కొనేవాళ్లు రెండు చూసుకోండి. లామీ సఫారీ అనే జర్మన్ పెన్నుకి నకిలీలు బాగా తిరుగుతున్నాయి, అమ్మేది ఎవరో చూడకుండా నొక్కకండి. కన్వర్టర్ అన్నిటికీ ఒకటే కాదు: సఫారీకి జడ్28, జపాన్ కంపెనీ పైలట్ పెన్నులకి దాని సొంత కాన్ రకాలు. డ్రాపర్‌తో ఇంకు పోసుకునే ఎబొనైట్ పెన్ను అయితే బిగించే మరచుట్ల మీద సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి, ఇంకు మూడోవంతుకి తగ్గగానే మళ్లీ నింపండి. ఇంకా తగ్గనిస్తే చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి పాళీ దగ్గర బొట్టు కక్కుతుంది. వేడినీళ్లతో మాత్రం కడగొద్దు, నల్లటి నిగనిగ పోయి బూడిదరంగుకి తిరుగుతుంది.