థెరప్యూటిక్ రైడింగ్: నాలుగేళ్లుగా వెళ్తున్నాక చెబుతున్న మాట

సెరిబ్రల్ పాల్సీ (ఎదిగే మెదడుకి దెబ్బ తగిలి కదలికలు, కండరాలు అదుపులో ఉండని స్థితి) పిల్లలకి గుర్రపు స్వారీ మంచిదటగా, మీరు వెళ్తున్నారుగా, ఎలా ఉంది అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. అందరికీ విడివిడిగా ఫోన్లో చెప్పే ఓపిక లేక ఒకేసారి రాస్తున్నాను. మేం ఉండేది డాలస్ వైపు. అమ్మాయికి ఇప్పుడు తొమ్మిదేళ్లు, ఐదో ఏట మొదలుపెట్టాం. తనకున్నది స్పాస్టిక్ డైప్లీజియా. రెండు కాళ్ల కండరాలూ బిగుసుకుపోయి ఉంటాయి, తొడలు లోపలికి లాక్కుపోతాయి. మాట కూడా ఆలస్యమే.

ముందే చెప్పేస్తాను. పెట్టిన డబ్బుకీ, పోయిన శనివారాలకీ నాకు బాధ లేదు. కానీ గుర్రం ఎక్కిస్తే నడక వచ్చేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. మా అమ్మాయి ఇప్పటికీ వాకర్‌తోనే నడుస్తుంది, ఫిజియోథెరపీ ఒక్క వారం కూడా మానలేదు. మారింది వేరే. అప్పట్లో కింద కూర్చుంటే చేతులు ఆనించకుండా నిలవలేకపోయేది. ఇప్పుడు కూర్చుని రెండు చేతులతో ఇడ్లీ తుంచుకుని తింటుంది. దీనికి గుర్రం ఒక్కటే కారణమని అనను, వయసూ వచ్చింది, ఫిజియో కూడా ఉంది. కానీ ఎండాకాలం సెషన్లు ఆగిపోయిన ప్రతిసారీ నడుం వాలిపోవడం మా ఫిజియో కూడా గమనించింది.

బయటివాళ్లకి తెలియని సంగతి ఒకటుంది. ఇందులో రెండు రకాలున్నాయి. హిప్పోథెరపీ అంటే లైసెన్సు ఉన్న ఫిజియోనో, ఆక్యుపేషనల్ లేదా స్పీచ్ థెరపిస్టో తన చికిత్సలో భాగంగా గుర్రం కదలికని వాడుకోవడం. అందులో పిల్ల స్వారీ నేర్చుకోదు. థెరప్యూటిక్ రైడింగ్ అంటే శిక్షణ పొందిన ఇన్‌స్ట్రక్టర్ పిల్లకి తగ్గట్టు స్వారీ నేర్పడం. మేం మొదట హిప్పోథెరపీలో చేరి, తర్వాత రెండోదానికి మారాం. ఇన్సూరెన్స్ దగ్గర ఈ తేడా బాగా పనికొస్తుంది. రైడింగ్ క్లాసు అంటే దాదాపు ఎవరూ పైసా ఇవ్వరు. మొదటిదానికి కూడా "ఇంకా రుజువు కాని చికిత్స" అంటూ తిప్పి పంపే కంపెనీలున్నాయి. మాకు సగం వచ్చింది, సగం చేతి నుంచి పెట్టుకున్నాం.

అసలు గుర్రమే ఎందుకంటే, గుర్రం నడిచేటప్పుడు దాని వీపు ముందుకీ వెనక్కీ, పక్కలకీ కదులుతూ కాస్త తిరుగుతుంది కూడా. మనం నడిచేటప్పుడు మన నడుం కదిలేదీ ఇంచుమించు అలాగే. సొంతంగా ఎప్పుడూ నడవని పిల్ల ఒంటికి ఆ కదలిక దాని మీద కూర్చుంటే అందుతుంది. 2003లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో స్పాస్టిక్ సెరిబ్రల్ పాల్సీ ఉన్న 15 మంది పిల్లల్లో కొందరిని 8 నిమిషాలు గుర్రం మీద, మిగతావాళ్లని అంతే సేపు కదలని పీపా మీద కూర్చోబెట్టి చూశారు. గుర్రం ఎక్కినవాళ్లలో కుడి ఎడమ కండరాల పని తీరులో తేడా తగ్గింది, పీపా మీద కూర్చున్నవాళ్లలో అలా జరగలేదు. అంటే కాళ్లు చెరోవైపు వేసి కూర్చోవడం వల్ల కాదు, కదలిక వల్ల. పిల్లలు తక్కువమంది, సమయమూ తక్కువే. దాన్ని పట్టుకుని అద్భుతాలు ఊహించుకోకూడదు గానీ, మా ఆయన లాంటి అనుమానపు మనిషిని కదిలించడానికి అది చాలింది.

మా సెంటర్లో ఎక్కించే పద్ధతి చెబుతాను. వాలుగా కట్టిన దారి మీదుగా వీల్‌చెయిర్‌ని గుర్రం వీపు ఎత్తుకి తీసుకెళ్తారు. అటొక దిమ్మ, ఇటొక దిమ్మ, మధ్యలో గుర్రం. దాని తలవైపు ఒకరు నిలబడి పట్టుకుంటారు. మొదటి ఏడాది జీను వేయలేదు. మందపాటి మెత్త పరిచి, పొట్ట చుట్టూ పిడులున్న పట్టీ బిగించారు. గుర్రం ఒళ్లు మన ఒంటికన్నా కాస్త వెచ్చగా ఉంటుంది, ఆ వేడి మెత్తలోంచి తొడలకి తగులుతుంది. ఎక్కించిన కొత్తలో అమ్మాయి కాళ్లు కర్రల్లా ఉండేవి. అరీనాలో, అంటే స్వారీ చేసే ఆవరణలో, రెండు మూడు చుట్లు తిరిగేసరికి మోకాళ్లు మెల్లగా కిందికి జారేవి. ఇంట్లో అరగంట స్ట్రెచింగ్ చేసినా అంత వదులు వచ్చేది కాదు. అది సాయంత్రం దాకా ఉండి, మర్నాటికి మళ్లీ మామూలే. ఈ సంగతి కూడా తెలిసే వెళ్లాలి.

వాళ్లు గుర్రాన్ని ఎంచిన తీరు నాకు బాగా నచ్చింది. తొడలు బిగుసుకున్న పిల్లని వెడల్పాటి గుర్రం మీద కూర్చోబెడితే నొప్పి. అందుకే మొదట సన్న వీపున్న ముసలి గుర్రాన్ని ఇచ్చి, వదులు వచ్చేకొద్దీ ఇంకాస్త వెడల్పు ఉన్నదానికి మార్చారు. రెండోది హాఫ్లింగర్ జాతిది, బంగారు రంగు జూలు. అమ్మాయి దానికి లడ్డూ అని పేరు పెట్టింది, అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

మాట సంగతి నేను అనుకోనిది. మా ఇన్‌స్ట్రక్టర్ ఒక నియమం పెట్టింది. రైడర్ "వాక్ ఆన్" అంటే తప్ప గుర్రం కదలదు. పగ్గం పట్టుకున్న ఆమె, రెండు పక్కలా తొడ మీద చెయ్యి వేసి నడిచే వాలంటీర్లు, అందరూ ఊరికే నిలబడతారు. నాకు బయట కంచె దగ్గర టెన్షన్. అమ్మాయి పెదాలు కదుపుతుంది, ఏమీ రాదు. ఒకరు అందించబోతే ఇన్‌స్ట్రక్టర్ తల అడ్డంగా ఊపింది. చివరికి "వా" అని వచ్చింది. లడ్డూ అడుగు వేసింది. ఇంట్లో మనం ఆగుతామా? బాటిల్ వైపు చూడగానే నీళ్లు చేతికిచ్చేస్తాం. అప్పటినుంచి మా ఇంట్లో కూడా కాసేపు ఆగడం అలవాటు చేసుకున్నాం.

ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు కూడా అడుగుతుంటారు. మాకు ఆ అనుభవం లేదు. 2015లో వచ్చిన ఒక అధ్యయనం మాత్రం చదివాను. 6 నుంచి 16 ఏళ్ల వాళ్లు 127 మంది, 10 వారాలు. పోల్చడానికి తీసుకున్న గుంపుని కూడా అశ్వశాలకే తీసుకెళ్లి, నిలువెత్తు బొమ్మ గుర్రంతో పాఠాలు చెప్పారట. నిజం గుర్రం ఎక్కినవాళ్లలో చిరాకు, అతిచురుకుదనం ఎక్కువగా తగ్గాయి, మాటలు పెరిగాయి.

మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు ఒకసారి తీసుకెళ్లాం. "నడవలేని పిల్లని గుర్రం ఎక్కించే బుద్ధి ఎవరికి పుట్టిందే?" అంది. లిస్ హార్టెల్ గురించి చెప్పాను. డెన్మార్క్ ఆవిడ, 1944లో కడుపుతో ఉండగా పోలియో వచ్చి మోకాళ్ల కింద పట్టు పోయింది. గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా ఒకరి సాయం కావాలి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మగవాళ్లతో పోటీపడి డ్రెసాజ్‌లో (గుర్రం చేత పద్ధతిగా అడుగులు వేయించే పోటీ) వెండి పతకం గెలిచింది. బంగారు పతకం వచ్చినాయనే ఆమెని చెయ్యి పట్టి మెట్టెక్కించాడు. ఆ తర్వాతే యూరప్‌లో, అమెరికాలో ఇలాంటి సెంటర్లు పెరిగాయి. ఇక్కడ వాటికి ప్రమాణాలు పెట్టే పాత్ ఇంటర్నేషనల్ అనే సంస్థ 1969లో మొదలైంది. అమ్మ అంతా విని, "అయితే హెల్మెట్ ఇంకాస్త బిగించమను" అంది.

ఇక కోపం తెప్పించినవి. ఈ సెంటర్ కన్నా ముందు ఇంకో చోటికి వెళ్లాం, పేరు చెప్పను. ఫారం మీద సంతకం పెట్టించుకుని, ఒక్క ప్రశ్న అడగకుండా పిల్లని ఎక్కించబోయారు. టెక్సస్ చట్టం ప్రకారం ఏమైనా జరిగితే బాధ్యత మాది కాదని ప్రతి అశ్వశాలలోనూ బోర్డు ఉంటుంది. అక్కడ మాకు కనిపించిన జాగ్రత్త ఆ బోర్డొక్కటే. వెనక్కి వచ్చేశాం. రెండోచోట డాక్టర్ సంతకంతో పాటు తుంటి ఎక్స్‌రే అడిగారు, ఎందుకంటే ఈ పిల్లల్లో తుంటి ఎముక కీలులోంచి జరిగే ప్రమాదం ఉంది. డౌన్ సిండ్రోమ్ ఉంటే మెడ ఎముకల గురించి డాక్టర్ కాగితం ఏటేటా కావాలంటారు. ఫిట్స్ అదుపులో లేకపోయినా, వెన్ను బాగా వంగి ఉన్నా వద్దనేస్తారు. కాగితాల కోసం తిప్పుతున్నారని విసుక్కునేవాళ్లని చూశాను. నాకైతే అలా తిప్పిన చోటే నమ్మకం కుదిరింది.

వెయిటింగ్ లిస్టు చాంతాడంత. ఒక పిల్లకి ముగ్గురు మనుషులు కావాలి, వాళ్లలో ఎక్కువమంది వాలంటీర్లే, ఒకరు రాకపోతే ఆ వారం క్లాసు గోవిందా. పైకప్పు ఉన్న అరీనా అయినా జూలై, ఆగస్టుల్లో వేడికి రద్దులే రద్దులు. కారంతా గడ్డి, పేడ వాసన. అమ్మాయి బరువు పెరిగేకొద్దీ సరిపోయే గుర్రాలు తగ్గుతాయని ఇప్పుడే చెప్పి ఉంచారు.

విశాఖపట్నం నుంచి మా ఆడపడుచు, "ఆర్కే బీచ్‌లో గుర్రం మీద తిప్పితే సరిపోదా వదినా?" అంది. సరిపోదు. జనంలో, హారన్ల మధ్య తిరిగే గుర్రానికి ఈ పని నేర్పరు. మీ ఊళ్లో ఎవరైనా ఇది చేస్తామంటే మొదట పిల్ల లేకుండా వెళ్లి చూడండి. థెరపిస్టు ఉన్నారా, ఏం చదివారు, పక్కన నడిచేది ఎవరు, పడితే ఏం చేస్తారు, గుర్రం రోజుకి ఎన్ని గంటలు పని చేస్తుంది అని అడగండి. గుర్రం చెవులు వెనక్కి వాల్చి తోక విసురుతూ ఉంటే దానికి ఇష్టం లేనట్టే, ఆ చోటు వద్దు. ఎక్స్‌రే అడగకపోతే అసలే వద్దు.